పలచని పోగు

శనివారం.
పొయ్యి మీద ఉడికేది ఉలవలు.
అయినా ఇంట్లో చేపల వాసన.
పక్కింటోళ్ళతో గోడ మీద నుంచే పంచాయితీ అయ్యాక,
పిల్లినీ, మోరీనీ తిట్టడం అయ్యాక
నాగవేణమ్మ నాకు కబురు పెట్టింది:
"దస్తగిరీ, తప్పు నా ముక్కుదా, కరెంటుదా?"

ధర్మవరంలో ముప్పై ఏండ్లు
స్తంభం నుంచి మగ్గం దాకా తీగెలు లాగినోణ్ణి.
చెప్పులు విడిచి, వాసన పట్టుకుని నడిచినా.
పట్టు కండెల గంప వెనక, గోడవార,
సంతలో నూట ఇరవైకి కొన్న ఎక్స్‌టెన్షన్ డబ్బా.
జాకార్డు మోటారు, కూలరు, మిక్సీ, పాప ఫోను ఛార్జరు,
ఒక్క గొర్రెకు అన్ని పిల్లలూ
పొదుగు కుమ్ముతావుండాయి.

వేళ్ళ వెనకతో తాకి చూసినా,
దోసె పెనం కాగిందా లేదా అన్నట్టు.
కాగింది.
ప్లగ్గు బొక్కల చుట్టూ కాటుక.
ఎవరు దిద్దినారనుకుంటివి చౌడప్పా?
లోపల వదులైన ఒక స్క్రూ.
చేపలు కావమ్మా ఇవి, ప్లాస్టిక్కు ఉడుకుతాంది.
పక్కింటామెకు ఒక గిన్నె ఉలవచారు పంపించు.

తరవాత మీటరు డబ్బా తెరిచినా.
మెయిను ఆపి, పింగాణీ ఫీజు ఊడబెరికితే
వెంట్రుకంత తీగె ఉండాల్సిన చోట
అగ్గిపుల్లంత రాగి!
"మాటిమాటికీ పోతాందని
విసుగొచ్చి నేనే చుట్టినా" అంటివి,
మీసం కింద కొంచెం గొప్పగా.

పోవడమే దాని పనప్పా.
అది పోకుంటే ఇంకేదో పోతాది.
మగ్గం గుంతలో కూర్చునే నీకు
నేనా చెప్పేది?
పోగు తెగితే నాడె ఆగుతాది,
కాలు తొక్కడం మానుతాది.
తెగనని మొండికేసే పోగుతో
ఎవరైనా చీర నేస్తారా?

నువ్వు మాట్లాడలేదు.
గంపను మాత్రం గోడ దగ్గర్నుంచి
రెండు మూరలు జరిపితివి.

పెరట్లో ఎర్తు గుంత.
బొగ్గులు, ఉప్పు, ఇనుప గొట్టం,
పైన మూడేండ్ల దుమ్ము.
"వారానికి రెండు బిందెలు పోయాలమ్మా,
తడి ఉంటేనే మన్ను కరెంటును మింగుతాది."
నాగవేణమ్మ నవ్వింది, ఆ నవ్వులో నీళ్ళు లేవు.
"ట్యాంకరు వచ్చేది నాలుగు దినాలకొకతూరి.
మనుషుల గొంతుకే చాలవు,
మన్నుకు యాడ తెద్దును?"
బియ్యం కడిగినవి, బట్టలు జాడించినవి,
ఏవైనా పర్వాలేదంటి.
భూమికి ఎంగిలి పట్టింపు లేదు.
అంట్ల బకెట్టు తెచ్చి కుమ్మరించింది.
గుంత గుటకలేసిన చప్పుడు
ముగ్గురమూ విన్నాం.

మోటారుకు వేరే లైను, మంచి రకం వైరు,
తలుపు పక్కన బకెట్టులో పొడి ఇసుక.
"మంట లేస్తే ముందు మెయిను, తరవాత ఇసుక,
నీళ్ళ జోలికి పోవద్దు" అని
పాప చేత మూడుసార్లు పలికించినా.
నా కూలి మూడు వందలు.
సగం ఇస్తివి, సగం పండగకంటివి.
ఏ పండగో చెప్పలేదు.

పది దినాలకు,
రాత్రి పదకొండు దాటినాక ఫోను.
"దస్తగిరీ, ఫీజు పోయింది!"
ఆవు ఈనినంత సంబరం నీ గొంతులో.
కూలరు గుర్రుమని, కమురు వాసన వచ్చి,
అంతలోనే ఇల్లంతా చీకటైందట.

టార్చి పట్టుకుని వస్తిని.
మగ్గం మీద సగం నేసిన పెండ్లిచీర
అంచు కూడా కందలేదు.
మెయిను ఆపి ఫీజు తీసి నీ చేతికిస్తే
రెండు కొసలు, కొసన ఆవగింజంత నల్లటి పూస.
నువ్వేమో అలవాటు కొద్దీ
వేళ్ళు నాలికకు తడుపుకుని
ఆ రెండు కొసలనూ దగ్గరికి తెస్తాండావు.

నీ చెయ్యి పట్టుకున్నా.
ఈ పోగును ముడెయ్యగూడదు చౌడప్పా,
కొత్తది వెయ్యాల.
ముందు పోయి
ఆ కూలరు ప్లగ్గు ఊడబెరుకు.